రెండోసారి పంపించిన హంసలు

పొద్దున లేస్తే ఫోన్ నిండా పువ్వుల బొమ్మలు. ఎవరు పంపుతారో, ఎందుకు పంపుతారో తెలియదు. చెరిపేయడమే ఒక ఉద్యోగమైపోయింది. అంతకన్నా విసుగు, అవి కన్నుమూసి తెరిచేలోగా వచ్చి పడటం. ఒక్క బొమ్మకి అరగంట ఎదురుచూసినవాణ్ణి నేను. ఆ అరగంటను పాతికేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

అప్పట్లో చీరాలలో నాకొక కంప్యూటరు, మస్తాన్‌కొక కంప్యూటరు. రెండూ అప్పటికే ముసలివి. మస్తాన్ నాతో డిగ్రీ చదివాడు. వాళ్ల మగ్గాలకి చీర అంచులు కంప్యూటరులో గడి గడిగా గీసేవాడు. ఇద్దరం చెరొక మోడెం సంపాదించాం. ఫోను తీగను దానికి తగిలిస్తే ఒక కంప్యూటరు రెండోదానికి ఫోను చేసి బొమ్మలు పంపుతుంది; అంతసేపూ ఆ ఫోను ఇంకెవరికీ దొరకదు. సైకిలెక్కితే పది నిమిషాల్లో బొమ్మ ఎక్కించిన ఫ్లాపీ నా చేతికిచ్చేవాడు. చదువుకున్నవాళ్లం కనుక ఆ పని చేయలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాడు హంసల అంచు పంపాడు. మోడెం ముందు కీచుమంది, తరవాత గరగరలాడింది, ఆపైన అవతలిదాన్ని గుర్తుపట్టినట్టు ఊరుకుంది. తెర మీద అంకెలు పెరుగుతున్నాయి. అరగంటకి ఫైలు తెరిచాను. హంసలు. ముక్కున తామరతూడుతో, ఒక్క గడి కూడా తప్పకుండా. కిటికీలోంచి బయటి స్తంభం కేసి చూశాను. కాకులు వాలిన ఆ తీగలోంచే వచ్చాయివి. ఒళ్లు జలదరించింది. దేవుడి దగ్గర కూడా జోకులేసే మనిషిని. అప్పుడు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఫోను మోగింది. మస్తాన్.

"ఏరా, వచ్చిందా?"

"వచ్చింది గానీ తెరుచుకోవట్లేదురా. చెడిపోయినట్టుంది. మళ్లీ పంపు."

"రేపు పంపుతాలేరా. కోటేశ్వరమ్మ పిన్నికి ఫోనొస్తుందేమో. బాబాయి గుంటూరు ఆస్పత్రిలో ఉన్నాడుగా."

"అరగంటేగా! సరిగ్గా ఈ అరగంటలోనే వస్తుందా ఏంటి?"

"నీ యావ తగలెయ్య. పెట్టెయ్ ఫోను, పంపుతా."

వాళ్ల వీధి మొత్తానికీ ఫోను మస్తాన్ ఇంట్లోనే ఉండేది. నేతపనివాళ్లంతా శుభలేఖల మీద కూడా ఆ నంబరే వేసుకునేవారు, పక్కన పి.పి. అని, అంటే పిలిచిపెట్టే ఫోనని. ఎవరికి ఫోనొచ్చినా మస్తాన్ వాళ్లమ్మ గుమ్మంలోకొచ్చి కేకేసేది. నాకిదంతా తెలుసు. తెలిసే అడిగాను. ఎందుకు? అవి తీగలోంచి రావడం ఇంకొక్కసారి చూడాలని. అంతే. ఇంతకన్నా గౌరవమైన కారణం పాతికేళ్లు వెతికినా దొరకలేదు.

హంసలు రెండోసారీ చక్కగా వచ్చాయి. ఆ అరగంటా కోటేశ్వరమ్మగారి కొడుకు ఆస్పత్రి నుంచి ఫోను చేస్తూనే ఉన్నాడట, అమ్మను వెంటనే బయల్దేరమనండి, నాన్న అడుగుతున్నాడని చెప్పడానికి. ఎంగేజ్. కబురు అందేసరికి గుంటూరు రైలు వెళ్లిపోయింది. తరవాతి బండికి ఆమె చేరేటప్పటికి ఆయన పోయి గంటైంది.

మస్తాన్ మోడెం ఊడదీసి అటక మీద పడేశాడు. నన్నొక్క మాట అనలేదు. ఫైలు నిజంగానే చెడిందనుకున్నాడు. తప్పంతా తనదే అనుకున్నాడు. నేను అనుకోనిచ్చాను. ముందు బండి దొరికుంటే ఆమె సమయానికి చేరేదా? ఏమో. ఆ 'ఏమో'ను అడ్డం పెట్టుకుని ఎంత హాయిగా బతికానో తలచుకుంటే నాకే ఆశ్చర్యం. ఇంత జరిగాక కూడా, ఆ హంసలు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. సిగ్గేస్తుంది. జలదరింపు మాత్రం ఆగదు.

పోయిన నెల మస్తాన్ ఇంటికి వెళ్లి అంతా చెప్పేశాను. చెప్పాక, చాలాకాలానికి, ఊపిరి కిందిదాకా దిగింది.

"కోటేశ్వరమ్మ పిన్ని ఎదురొస్తే తలొంచుకుని పక్కసందులోంచి పోతన్నా ఇన్నేళ్లూ," అన్నాడు మస్తాన్ నేలకేసి చూస్తూ. "నాకు చెప్తే ఏం లాభంరా? ఆవిడ ఇల్లు అదిగో, తలుపు తీసే ఉంది."