ఫౌలాదీ చాచా ముంజేయి

ఫోన్లలో నెట్టు చవకైన ఆ కొత్తల్లో హిందీవాళ్ళ నడుమ, ఉక్కు ప్లాంటు పక్కనున్న మా కోహ్కా కుర్రాళ్ళందరికీ ఒక్కసారిగా తమ ఛాతీల మీద ధ్యాస పుట్టింది. అంతకుముందు ఎవరికైనా ఒంట్లో బలం కావాలంటే ఇంట్లో పెద్దవాళ్ళని అడిగేవారు. వాళ్ళు ముందు నాలుగు తిట్టి, తర్వాత ఒక గ్లాసు అంబలి చేతికిచ్చేవారు. ఆ రోజుల్లో మాత్రం తిట్టనివాడే గురువైపోయాడు. ముఖం ఎరగనివాడు, ఊరు తెలియనివాడు, చొక్కా లేకుండా ఒక ఫోటో పెట్టి "తమ్ముళ్ళూ, నా మాట వినండి" అంటే చాలు, లేచి నిలబడి వినేవారు. ఇంట్లోవాళ్ళ మాటకి ఆ విలువ ఎందుకు ఉండదో నాకప్పుడు బోధపడేది కాదు. ఇప్పుడు తెలిసింది. ఇంట్లోవాళ్ళు చొక్కాలు వేసుకుని ఉంటారు.

నాన్న లేని మా ఇంట్లో అప్పుడు నలుగురం. అమ్మ, నేను, తమ్ముడు, ప్లాంటులో భట్టీల దగ్గర, అంటే ఇనుము కరిగించే కొలుముల దగ్గర, పనిచేసి రిటైరైన పెదనాన్న. అమ్మ ఇడ్లీ పిండి రుబ్బి చుట్టుపక్కల ఇళ్ళకి అమ్మేది. గ్రైండరు కాలిపోయి ఆరు నెలలైంది కాబట్టి ఆ రుబ్బడం నా భుజాల మీద పడింది. నాకు ఇరవై రెండేళ్ళు, ఎనిమిదితో బడి మానేశాను (అదీ హిందీ బడి. తెలుగు అక్షరాలు తర్వాత పెదనాన్న దగ్గర పాత క్యాలెండరు కాగితాల వెనక దిద్దుకున్నాను). తమ్ముడికి పంతొమ్మిది. వాణ్ణి వీధంతా 'ఊచ' అనేవారు. నిజంగానే ఇనప ఊచకి చొక్కా తొడిగినట్టుండేవాడు. వాడికి పోలీసు ఉద్యోగం కావాలి, పోలీసువాళ్ళకి ఛాతీ కావాలి. అమ్మ జాకెట్లు కొలిచే టేపు తీసుకుని రోజూ నా చేత కొలిపించేవాడు. ఊపిరి బిగబట్టి, కళ్ళు బయటికొచ్చేదాకా ఉబ్బించినా రెండు వేళ్ళు తక్కువ. "టేపు సాగలేదేమో, సరిగ్గా చూడే" అనేవాడు. టేపు సాగితే కొలత ఇంకా తగ్గుతుందని చెప్పి వాడి గుండె పగలగొట్టడం ఎందుకని ఊరుకునేదాన్ని.

ఫోన్లో ఒక గుంపులో చేరాడు. దానికి పెద్ద చట్టాన్ భయ్యా. చట్టాన్ అంటే బండరాయి. ఫోటోలో మెడ కనపడేది కాదు, భుజాల మీద నేరుగా తలకాయ పెట్టినట్టుండేది. ఆయన రోజుకి ఇరవై గుడ్లు తింటాడట, కిలో కోడి తింటాడట, ఆరు గంటలు బరువులెత్తుతాడట. మరి వండేదెవరు, గిన్నెలు తోమేదెవరు, అన్నది ఒక్కడూ అడగడు. నేను అడిగాను, నా పేరుతోనే. "దీదీ, ఇది వంటల గ్రూపు కాదు" అని ఒకడు, దాని కింద నవ్వే బొమ్మలు ఇరవై. తమ్ముడు నా మీద ఒంటికాలి మీద లేచాడు. "నా పరువు తియ్యడానికే వచ్చావేటి అక్కడికి? చట్టాన్ భయ్యానే ప్రశ్నలడుగుతావా?"

సరే, దీదీ మాట చెల్లకపోతే చాచా మాట, అంటే బాబాయి మాట, చెల్లుతుందేమో చూద్దామని, నాన్న వదిలి వెళ్ళిన పాత ఫోన్లో మర్నాడే ఫౌలాదీ చాచా పుట్టాడు. ఫౌలాద్ అంటే ఉక్కు, మా ఊరికి తగిన పేరు. మొదటి సందేశం నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నలభై ఏళ్ళు భట్టీ ముందు నిలబడ్డాను. జిమ్ము గుమ్మం తొక్కలేదు. పొద్దున్నే మడియా పేజ్ తాగాను. చేసి చూడు, తర్వాత మాట్లాడు." ఆ చివరి ముక్క నాకే నచ్చేసి ప్రతి సందేశం కిందా పెట్టడం మొదలెట్టాను. మడియా అంటే మన చోళ్ళే, రాగులన్నమాట, పేజ్ అంటే అంబలే. ఆ అంబలి గ్లాసునే అమ్మ రెండేళ్ళుగా వాడి వెనక పట్టుకు తిరుగుతోంది, వాడు ముఖం తిప్పుకుంటున్నాడు. ఆ పొద్దున్న వాడే వంటింట్లోకొచ్చి, "అమ్మా, మడియా పేజ్ అని ఒకటుంటాది, నీకు తెల్దులే, చాలా బలం" అన్నాడు. అమ్మ గ్లాసు చేతిలో పెట్టింది. తాగి, మూతి తుడుచుకుని, "ఇలాంటిదే. కానీ చాచా చెప్పింది వేరేలాగుంటాది" అన్నాడు.

ఇంక నా బుద్ధికి రెక్కలొచ్చాయి. భుజాలకి ఏం చెయ్యాలి చాచా అని ఎవరో అడిగారు. రాతి రోట్లో మినప్పప్పు రుబ్బాలి, ఎడం చేత్తో వంద తిప్పులు, కుడి చేత్తో వంద తిప్పులు, పిండి వెన్నలా వచ్చేదాకా ఆపకూడదు. ముంజేతులకి? దుప్పట్లు ఉతికి పిండాలి, నీటి చుక్క కారకూడదు. తొడలకి? కింద కుళాయి నుంచి బిందెలతో నీళ్ళు మేడ మీదికి మొయ్యాలి, తొణికితే లెక్కలోకి రాదు. నడుముకి? మంచాల కింద దూరి గచ్చు తుడవాలి. వారం తిరిగేసరికి నా చేతికి పనే లేదు. మంచం మీద కాళ్ళు చాపుకుని వేరుశనగపప్పు తింటూ కూర్చునేదాన్ని. రోటి దగ్గర తమ్ముడు చొక్కా విప్పి, పళ్ళు బిగబట్టి, "తొంభై ఏడు, తొంభై ఎనిమిది" అని లెక్కపెడుతుంటే అమ్మ వచ్చి నా చెవిలో, "ఒలే, ఆడికేటయిందే? దిష్టి తీయించమంటావా?" అంది. "తియ్యకమ్మా, పోతాది" అన్నాను.

చాచా మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకే జవాబులిచ్చేవాడు (అమ్మ కునుకు తీసే వేళ అదే మరి). దానికీ తమ్ముడు అర్థం చెప్పాడు. "రెండింటికి పొద్దుటి షిఫ్టు వదుల్తారు కదా, అక్కా. రిటైరైనా ఒంటికి ఆ అలవాటు పోలేదు. అసలైన ప్లాంటు మనిషి" అన్నాడు భక్తిగా. అబద్ధం చెప్పినవాడు సగమే చెబితే చాలు, మిగిలిన సగం నమ్మినవాడే కుట్టుకుంటాడని ఆ రోజే తెలుసుకున్నాను.

అంతా నవ్వులాటగానే ఉండేది, ఒకరోజు వాడి ఫోన్లో చట్టాన్ భయ్యా విడిగా రాసిన మాట చూడకపోతే. మాత్రలున్నాయి, ఇరవై ఒక్క రోజుల్లో ఛాతీ రెండు కాదు, నాలుగు వేళ్ళు పెరుగుతుంది, ఆదివారం కుమ్హారి బస్టాండు దగ్గర మనిషి ఉంటాడు, వచ్చి తీసుకో అని. కింద ఫోటో, తెల్ల సీసా, మీద కాగితం ముక్క కూడా లేదు. నా నోట్లో వేరుశనగ గింజ అక్కడే ఆగిపోయింది. మా వెనక వీధి అబ్బాయి ఒకడు ఎవరో ఇచ్చిన అలాంటివే మింగి, ముఖం గుమ్మడికాయలా ఉబ్బి నెల్లాళ్ళు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. అక్కగా చెబితే వీడు వినడు. అమ్మకి చెబితే ఏడుస్తుంది, వీడు మొండికేసి ఇంకా ముందే వెళ్తాడు. మిగిలింది చాచా ఒక్కడే.

గుంపులో అందరి ముందూ చాచా అడిగాడు, "చట్టాన్, నువ్వు రోజూ తినే ఎముకల్లేని కోడిని కుక్కర్లో ఎన్ని విజిల్స్ ఉంచుతావు?" తడుముకోకుండా జవాబొచ్చింది. ఎనిమిది. నేను మంచం మీద ఎగిరి గంతేశాను. ఎముకల్లేని కోడి రెండో విజిల్‌కే ఉడుకుతుంది. ఎనిమిది వస్తే మిగిలేది కోడి కాదు, కొబ్బరి పీచు. ఈ మనిషి జన్మలో వండుకోలేదు, వండింది తినలేదు. గుంపంతా నవ్వుతుందని చూశాను. ఎవడూ నవ్వలేదు. "జై చట్టాన్ భయ్యా, ఎనిమిది, రాసుకున్నాం" అన్నారు. ఒక్కడికీ వంట రాదు కదా, పట్టుబడ్డాడని ఎలా తెలుస్తుంది. "వండి చూడు, తర్వాత మాట్లాడు" అని చాచా ఆజ్ఞాపించాక, తమ్ముడు శనివారం పొద్దున్నే కోడి తెచ్చి, కుక్కరు ముందు కూర్చుని వేళ్ళు మడిచి ఎనిమిది లెక్కపెట్టాడు. మూత తీస్తే అమ్మ గరిటె పెట్టి కదిపి, "ఇదేటిరా, గిన్నెలు తోముకునే పీచా?" అంది. వాడు నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

మధ్యాహ్నం రెండింటికి చాచాకి విడిగా ఒక సందేశం వచ్చింది. "చాచా, చట్టాన్ భయ్యా మాత్రలు తెచ్చుకోమంటున్నాడు. రేపే. నాకు లోపల భయంగానే ఉంది, కానీ ఉద్యోగం రాకపోతే ఇంట్లో మొహం చూపించలేను. అక్క చేతులు పిండి రుబ్బి రుబ్బి కాయలు కాచాయి. ఎన్నాళ్ళని రుబ్బుతుంది? మీరు వద్దంటే మానేస్తాను. కానీ మీరైనా నిజంగా ఉన్నారా? ఆయన ఫోటో ఉంది, మీది లేదు. మీ చెయ్యి ఒక్కటి చూపించండి, చాలు." మూడుసార్లు చదివాను. వేరుశనగలు పక్కన పెట్టేశాను.

పెదనాన్న వరండాలో కుర్చీలో కునుకుతున్నాడు. ఎడం చెయ్యి వేలాడుతోంది. ఆ ముంజేతి మీద, ఎప్పుడో కరిగిన ఇనుము చింది కాలిన మచ్చ, కొరికిన రొట్టె ముక్కలా. మంచి కండున్న కుడిచెయ్యి ఒడిలో ఉన్నా, నేను కావాలనే ఆ మచ్చ చెయ్యే తీశాను. మా ఊళ్ళో ఉక్కు మనిషికి అంతకంటే గుర్తింపు కార్డు ఏముంటుంది? భట్టీ దగ్గర చేసినవాళ్ళందరికీ ఏదో ఒక మచ్చ ఉంటుంది కదా అనుకున్నాను. చిన్నప్పుడు తమ్ముడు ఆ చేతి మీదే తల పెట్టుకుని, ఆ మచ్చని వేలితో గీస్తూ నిద్రపోయేవాడన్నది మాత్రం ఫోటో వెళ్ళిపోయాక గుర్తొచ్చింది.

రెండు నిమిషాల్లో వాడు లోపల్నించి పరుగున వచ్చి పెదనాన్న కాళ్ళ మీద పడ్డాడు. "చాచా మీరేనా? ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదేటి?"

పెదనాన్న ఉలిక్కిపడి లేచాడు. "చాచా ఏటిరా? పెదనాన్ననిరా. కల గాని వచ్చిందేటి నీకు?"

వాడు ఫోను చూపించాడు. పెదనాన్న తెరమీది చేతిని చూశాడు, తన చేతిని చూసుకున్నాడు, తర్వాత వాడి వెనక నిలబడి రెండు చేతులూ జోడించి, కళ్ళతో బతిమాలుతున్న నన్ను చూశాడు. బటన్ల ఫోను తప్ప ఎరగని మనిషి. అయినా ఎంతమంది కుర్ర హెల్పర్ల అబద్ధాలు చూసి ఉంటాడు. గొంతు సవరించుకుని, "సరే. ఏటడిగేవో మళ్ళీ అడుగు, నాకు సరిగ్గా వినపళ్ళేదు" అన్నాడు.

"ఆ మాత్రలు తెచ్చుకోనా, వద్దా?"

"సీసా మీద ఏటి రాసుంది?"

"ఏటీ లేదు."

"ఇచ్చినోడి పేరు?"

"చట్టాన్ భయ్యా."

"వాళ్ళ నాన్న ఎట్టిన పేరు అడుగుతన్నాన్రా." పెదనాన్న మచ్చ నిమురుకున్నాడు. "ఒరే ఊచా, భట్టీలో గంప రాయి పడాలన్నా, ముందు దాని చిటికెడు పొడి లేబుకెళ్తాది. అది మంచిదని కాగితం వస్తేనే వేస్తాం. అది ఇనప భట్టీ. నీ కడుపు దానికన్నా గట్టిదేటి, లేబు లేకండా ఎవుడేటిస్తే అది వెయ్యడానికి?"

తమ్ముడు ఆదివారం కుమ్హారి వెళ్ళలేదు. చట్టాన్ భయ్యా పేరు చెరిపేసి, రోటి ముందు కూర్చున్నాడు. వాడు అటు వెళ్ళగానే పెదనాన్న నా చెవి పట్టుకున్నాడు. "ఏటే బుజ్జీ, నేనెప్పట్నించి పహిల్వాన్నయ్యేను?" అంతా చెప్పేశాను, దుప్పట్లతో సహా. నవ్వాపుకోలేక దగ్గొచ్చింది ఆయనకి. కానీ మర్నాటి నుంచి రెండు కాగానే కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చునేవాడు, "ఏటడిగేరే నా శిష్యులు?" అంటూ. ఒక్కటే షరతు పెట్టాడు. నొప్పులని, మందులని ఎవరైనా అడిగితే, నాకు తెల్దు, డాక్టర్ని చూడండి అని రాయాలి. అలాగే రాశాను. చాచా 'తెలీదు' అనడం మొదలెట్టిన నెలకి శిష్యుల్లో సగంమంది అన్నీ తెలిసిన ఇంకో భయ్యా దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ ఏడు పోలీసువాళ్ళ టేపుకి తమ్ముడి ఛాతీ ఒక వేలు తక్కువొచ్చింది. ఇంటికొచ్చి ఏడవలేదు, మినప్పప్పు నానబోశాడు. రుబ్బి రుబ్బి వాడి పిండికి అమ్మ పిండి కూడా సాటి రాలేదు. ఇప్పుడు మా ఇంటికి రెండు వీధుల అవతల దోసెల హోటలు వాడిదే. పెదనాన్న పోయి రెండేళ్ళయింది. చివరిదాకా తనే ఫౌలాదీ చాచానని ఆసుపత్రి నర్సులకి కూడా చెప్పుకున్నాడు. ఆ చేతి ఫోటో నాన్న పాత ఫోన్లో ఇంకా ఉంది.

ఇక నా సంగతి. రెండో కాన్పు తర్వాత మోకాళ్ళు పట్టేశాయి. డాక్టరు నడవమన్నాడు. మా ఆయన నడవమన్నాడు. నేను వినలేదు. ఈ మధ్య ఫోన్లో ఒక మోకాళ్ళ దీదీ దొరికింది. ముఖం లేదు, మందారం పువ్వు బొమ్మ ఒక్కటే. ఆవిడ మాట నాకు బాగా నచ్చింది. మొన్నొకరోజు ఇలా రాసింది. "రోజూ సాయంత్రం దగ్గర్లో ఉన్న పుట్టింటివాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళాలి. పంచదార లేని టీ తాగి, నడిచే తిరిగి రావాలి. చేసి చూడు, తర్వాత మాట్లాడు."

ఆ చివరి ముక్క మళ్ళీ చదివాను. తర్వాత చెప్పులు వేసుకుని బయల్దేరాను. తమ్ముడు పెనం ముందు ఉన్నాడు. చొక్కా జేబులో ఫోను. "రా అక్కా, రెండు నెల్లయింది మొహం చూసి, ఏటి దారి తప్పేవు?" అంటూనే నేను అడక్కముందే గ్లాసు ముందు పెట్టాడు. పంచదార వెయ్యలేదు. నేను వాడి ముఖంలోకి చూశాను. వాడు దోసె అంచులు చాలా శ్రద్ధగా లేపుతున్నాడు. చాచా ఎవరని వాడు నన్ను ఎప్పుడూ అడగలేదు. దీదీ ఎవరని నేనూ అడగలేదు. అప్పట్నించి రోజూ వెళ్తున్నాను. టీ చేదుగా ఉంటుంది, మోకాళ్ళు కాస్త నయం.