హరినాథ్ సారు పోసిన బెత్తెడు నీళ్ళు

ఎస్తేరు కోపం వస్తే అరవదు. అన్నం మానేసి లెక్కలు వేస్తుంది. పామిడి దగ్గర వంక పక్కనున్న కాలనీలో గొర్రెలు మేపే యేసన్న కూతురు. అనంతపురంలో వరద పటాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నాలుగేళ్ళు నా పక్క కుర్చీలోనే పనిచేసింది. వాళ్ళ వంకకు పెద్ద వాన వస్తే నీళ్ళు ఎక్కడిదాకా ఎక్కుతాయో కంప్యూటర్‌లో తేల్చే పని ఆమెకే అప్పగించారు.

మా నేలతో వచ్చిన చిక్కల్లా అది ఎప్పుడూ ఎండి ఉండడమే. ప్రోగ్రాం నేలను చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో నీటి లోతు, వేగం లెక్కగడుతుంది. వేగం కావాలంటే పారే నీటిని లోతుతో భాగించాలి. నీళ్ళు అప్పుడే తాకిన ఎండు గడిలో లోతు దాదాపు సున్నా. దాంతో భాగిస్తే వేగం రైలును మించిపోతుంది. ఆ తప్పు పక్క గడికి పాకుతుంది. పది నిమిషాల్లో మా బక్క వంకలో నలభై వేల మీటర్ల లోతు చూపించి ప్రోగ్రాం ఆగిపోయేది. ఎస్తేరు గళ్ళు చిన్నవి చేసింది, సెకనులో పదో వంతుకొకసారి లెక్క వేయించింది. రెండు నెలలు ఇదే గోల.

మా పెద్ద సారు హరినాథ్‌కు అంత ఓపిక లేదు. "గొర్రెలు కాసేవాళ్ళకు కంప్యూటర్ ఇస్తే ఇంతే" అని అందరి ముందూ నవ్వాడు. ఆ వారమే ఆమె కాంట్రాక్టు ఆపించాడు. మర్నాడు మధ్యాహ్నానికల్లా తానే ప్రోగ్రాంను సాఫీగా నడిపి చూపించాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. సిగ్గు లేకుండా నేనూ కొట్టాను.

నెల తర్వాత నివేదిక వచ్చింది. కాలనీలో అరవై రెండు ఇళ్ళూ మునుగుతాయట, అన్నీ తీసేయాలట. ఎస్తేరు నాకు ఫోన్ చేసింది.

"జయంతక్కా, ఆయప్ప మార్చిన అంకెలు నాకు కావల్ల. నా పని పోతే పోనీ అనుకుంటి. ఇప్పుడు మా నాయన ఇంటి జోలికొచ్చినాడు. వాన్ని వదిలేది లేదు."

ఇచ్చాను. నా ఉద్యోగం పోయినా సరేననుకునే ఇచ్చాను. రహస్యమంతా ప్రోగ్రాంలోని ఒక్క వరుసలో దొరికింది. వాన మొదలవకముందే హరినాథ్ నేలంతటా బెత్తెడు నీళ్ళు పోసి ఉంచాడు. ఎండు గడే లేకపోతే భాగహారంలో గొడవే రాదు కదా! గుట్టల మీద బెత్తెడు, వేరుశనగ చేల మీద బెత్తెడు. మరి ఆ నీళ్ళు అక్కడే ఉంటాయా? పల్లానికి దిగుతాయి. పల్లంలో కాలనీ ఉంది.

వెంటనే బయటపెట్టమన్నాను. "ఊహూఁ. నలుగురి ముందర, వాని చేత్తోనే బయటపడల్ల" అంది. మూడు వారాలు కాచుకుంది. ఈలోపు అసలు జబ్బుకు మందు కూడా కనిపెట్టింది. బియ్యపు గింజ మందం కూడా నీళ్ళు లేని గడిని ఎండినట్టే లెక్కేసి, అక్కడ వేగాన్ని సున్నా చేసింది. ఆమె ప్రోగ్రాం మళ్ళీ ఆగలేదు.

మండలాఫీసులో అభ్యంతరాల సభ పెట్టారు. అధికారి హేమావతి గారు. హరినాథ్ పెద్ద తెర పెట్టి కాలనీ మునగడం ఒకసారి చూపించాడు. ఎస్తేరు జనంలోంచి లేచింది.

"సార్, వాన ఎంత పెట్టినారు?"

"ఒక్కరోజులో ఇరవై సెంటీమీటర్లు."

"దాన్ని సున్నా చేసి నడపండి."

హరినాథ్ ముఖం మాడిపోయింది. "అదెందుకు, దండగ" అన్నాడు.

"చూద్దాం, పెట్టండి" అన్నారు హేమావతి గారు.

పెట్టాడు. చుక్క వాన లేదు. తెర మీద గుట్టల నుంచి నీలిరంగు దిగింది, చేలు దాటింది, కాలనీని నిండా ముంచేసింది. ముందు వరుసలో రైతు మారెప్ప లేచాడు.

"ఏమప్పా, ఈ నీళ్ళు యాడివి? మా బోర్లలోకన్నా వదలగూడదా?"

సభంతా గొల్లున నవ్వింది. బెత్తెడు నీళ్ళ సంగతి ఎస్తేరు అందరికీ విడమరిచి చెప్పింది. హరినాథ్ తలొంచుకున్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

"మరి నీ లెక్క ఏమంటుందమ్మా?" అని హేమావతి గారు అడిగారు.

"యాభై ఎనిమిది ఇండ్లకు నీళ్ళు రావు మేడమ్. వంక అంచున నాలుగిండ్లకు మోకాలి మట్టం వస్తాయి. అందులో మొదటిది మాదే."

హరినాథ్ తల పైకెత్తాడు. "చూశారా! మునుగుతుందని ఆమే ఒప్పుకుంది" అన్నాడు.

ఎస్తేరు నాయన యేసన్న కండువా దులుపుకుని లేచాడు.

"నిజంగా మునిగేదైతే వేరే జాగా చూపియ్యండమ్మా, పోతాం. ముందు ఆ సున్నా వాన ఇంకొక తూరి వేయించండి. మా పాప ఎస్తేరు తెర చూడనేలేదు. వాని మొగమే చూస్తా ఉండె."

హేమావతి గారు హరినాథ్ వైపు తిరిగారు.

"వేయండి" అన్నారు.