ఇంకో తురి

మా సార్ పోయారని ఆదివారం పొద్దున వేలూరు నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. వెళ్ళి చివరి చూపు చూసి మా ఊరు గుడియాత్తం తిరిగొచ్చాను. సార్ పాఠాలు చెప్పే గదిని మూయకుండా మనమే కలిసి నేర్చుకుందామని తోటి విద్యార్థులు అన్నారు. మర్నాడు సాయంత్రం నాయన మగ్గం దిగి అడిగాడు: "సార్ లేనప్పుడు ఆడ నీకేముండాదమ్మా? ఇంట్లోనే ఉండిపో."

వేలూరు పాత బస్టాండు దగ్గర ఒక మేడ మీద సార్ కంప్యూటర్ ఆటలు తయారు చేయడం నేర్పేవారు. బంతితో ఇటుకలు పగలగొట్టే ఆట, తింటూ పొడవయ్యే పాము, పైనుంచి రాలే దిమ్మెలు. తాను చిన్నప్పుడు నాణెం వేసి ఆడిన ఆ పాత ఆటలనే మాచేత మొదటినుంచి కట్టించేవారు. మేము చేసినవాటిని ఎడమచేత్తో ఆడి చూసేవారు. "నేను బాగా ఆడితే నీ తప్పులు యాడ దొరకతాయమ్మా?" అంటూ చొక్కా జేబులోంచి వేయించిన వేరుశనగలు తీసి పంచేవారు.

మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. తప్పు చేస్తే భయం. ఇటుకలు పగలగొట్టే నా మొదటి ఆటలో బంతి వేగం పెరిగితే చాలు, కింద దాన్ని ఆపే పలకను తాకకుండా దాని గుండా జారిపోయేది. ఎంత దిద్దినా అంతే. ఒకరోజు సంచి సర్దుకున్నాను.

"యాడికి?"

"ఊరికి సార్. ఇది నా వల్ల కాదు."

"సరి, పో. పోయేముందు ఇంకో తూరి ఆడించు, చూస్తా."

ఆడించాను. బంతి మళ్ళీ జారిపోయింది. ఆయన తెర మీద వేలితో గీత గీశారు. "ఇందాక ఈడుండె. ఇప్పుడు ఆడుండాది. నువ్వు అది చేరిన చోటే చూస్తా ఉండావు. నడిమి దోవ ఎవురు చూడాల, మీ నాయనా?"

నవ్వొచ్చింది. సంచి దించాను. బంతి దాటిన దారంతా లెక్కలోకి వచ్చేలా మళ్ళీ రాస్తే, అది పలకకు తగిలి ఎగిరింది.

ఆ ఆటలో ఓడినవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టే బొత్తాం మీద 'ఇంకో తూరి' అని తెలుగులో ఉండాలని పట్టుబట్టాను. సార్ ఇంట్లో మాట తెలుగే, చదువు మాత్రం తమిళం. తెలుగు అక్షరాలు రావు. అయినా, "నువ్వు రాసి చూపియ్, నేనే గీస్తా" అని, మొన్న శుక్రవారం మధ్యాహ్నమంతా తెర మీద చుక్క పక్కన చుక్క పెట్టి గీశారు. దీర్ఘం మరిచిపోయారు.

"సార్, తురి కాదు, తూరి."

"ఓడిపోయినోడు దీర్ఘం చూస్తాడా అమ్మా? సరి, సోమారం దిద్దుతాలే."

ఆ సోమవారమే నాయన నన్ను ఇంట్లోనే ఉండిపొమ్మన్నాడు. ఆ ఆటను ఫోన్‌లో తెరిచి చేతికిచ్చాను. నాయన పలకను అటూ ఇటూ జరిపాడు. బంతి కిందపడింది.

"ఏందిమ్మా, నిలిచిపోయె? ఇదేం రాసుండాది?" నాయనకు ఏ భాషా చదవడం రాదు.

"ఇంకో తూరి అని, నాయనా." దీర్ఘం పెట్టి చదివాను.

నొక్కాడు. బంతి మళ్ళీ పడింది. ఈసారి నన్ను అడగకుండానే నొక్కాడు. ఇంకాసేపటికి, తల ఎత్తకుండానే అన్నాడు: "రేపు ఎన్ని గంటల బస్సుకు పోవాల నువ్వు?"

బంతి పడినప్పుడల్లా నాయన బొటనవేలి కింద, దీర్ఘం లేని సార్ వంకర అక్షరాలు వెలుగుతూ ఉన్నాయి.