కూర్చున్న బండి, నిలబడ్డ షడ్డకుడు

ఆ రోజుల్లో కడుపుమంటకు మందు డాక్టరు దగ్గర కాదు, మెకానిక్ దగ్గర దొరుకుతుందని నా గట్టి నమ్మకం. ఇప్పటివాళ్ళు ఎవరి స్టేటసో చూసి కుళ్ళుకుంటారు, మళ్ళీ దానికే ఒక లైకు కొట్టి ఊరుకుంటారు. నేను అలా కాదు, కుళ్ళుకుంటే పానాలూ జాకీలతో సహా కుళ్ళుకునేవాణ్ణి. బడి నన్ను ఏడో తరగతిలోనే వదిలించుకుంది (నేనే మానేశానని మా అమ్మ చుట్టాలకు చెప్పుకునేది, తల్లి మనసు). పెళ్ళినాటికి నా ఆస్తల్లా ఒక పాత పికప్ బండి, దాని వెనక కట్టి లాగే జనరేటర్ ట్రాలీ. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా ఏ పెళ్ళి బరాత్ కదిలినా వెలుగు నాదే. పికప్‌లో లైట్ల స్టాండ్లు, వైర్ల చుట్టలు, వాటి మీద నలుగురు పనివాళ్ళు, వెనక ట్రాలీ. ఇంత బరువు పడితే పాపం బండి తోక నేలకు వంగి, ముక్కు ఆకాశానికి లేచేది.

అంతవరకూ నాకేం బాధ లేదు. బాధ మా చిన్న మరదలి పెళ్ళితో మొదలైంది. ఆమె మొగుడు, అంటే నా షడ్డకుడు, సరిగ్గా నాదాని మాదిరి పికప్పే, అదీ బరాత్ లైట్ల పనికే కొన్నాడు, పైగా కొత్తది. లోయర్ ట్యాంక్‌బండ్‌లో వాళ్ళింటి ముందు అది చెక్కు చెదరకుండా, స్కేలు పెట్టి గీసినట్టు నిలబడి ఉండేది. నా బండి దాని పక్కన ఆగితే భోజనం ఎక్కువై అరుగు మీద కూలబడ్డ పెద్దమనిషిలా కనిపించేది. ఆ మాట నేను మనసులో అనుకున్నాను, మా మామ పైకి అన్నాడు.

చిక్కడపల్లిలో మా మామ ఇంట్లో నా బామ్మర్ది పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. ఒక్కగానొక్క కొడుకు. బరాత్‌కు నా బండి కాక ఇంకెవరిది అనుకుని కాలు మీద కాలేసుకుని చాయ్ తాగుతున్నాను.

"పెద్దల్లుడా, ఏమనుకోకు. నీ బండి ఎప్పుడు చూసినా కూసునే ఉంటది" అన్నాడు మామ. "శుభమా అని పిల్లగాడి పెండ్లి. కూసున్న బండిని బరాత్ ముంగట పెడితే నలుగురు ఏమంటరు? చిన్నల్లుడి బండి చూడు, ఎట్ల నిలబడ్డదో."

షడ్డకుడు తల దించుకుని బిస్కెట్ ముంచుకుంటున్నాడు. ఆ వినయం చూస్తే నాకు ఇంకా మండింది. "మామా, బరాత్ నాటికి నా బండి నిలబడ్తది. నిలబడకపోతే నన్ను అల్లుడనకు" అన్నాను. (మా ఆవిడ లోపలి నుంచి దగ్గింది. ఆ దగ్గుకు అర్థం ఇంటికెళ్ళాక తెలిసింది.)

మర్నాడే నారాయణగూడలో, బండి కింద బరువు మోసే కమాన్ పట్టీలు వేసే ఉస్తాద్ దగ్గరికి ఖాళీ బండితో వెళ్ళాను. తోకను లేపడానికి మూడు దారులున్నాయన్నాడు. ఒకటి, బరువు పడ్డప్పుడు మాత్రమే తగిలే రబ్బరు దిమ్మ. రెండు, కమాన్‌లో ఇంకో ఇనుప పట్టీ. మూడు, చక్రాల పైన గాలి బెలూన్లు. బరువున్నప్పుడు గాలి కొట్టుకోవచ్చు, లేనప్పుడు తీసేయొచ్చు.

"బరువెంత పడ్తది?" అని అడిగాడు.

"నా మీదనా, బండి మీదనా?"

"మజాక్ బంద్ చెయ్యి భాయ్. ట్రాలీ కట్టుకొని రా, చూసి చెప్త. నన్నడిగితే బెలూన్లు మంచిగుంటయ్."

"గాలితోని నిలబడే ఇజ్జత్ నాకొద్దు ఉస్తాద్, ఇనుము వెయ్యి. పక్కకొకటి కాదు, రెండు రెండు."

"నడుము విరుగుతది."

"బండిదా?"

"నీది" అన్నాడు, అని వేసేశాడు. కొనేవాడు కుళ్ళుతో వస్తే అమ్మేవాడు ఎంతసేపని అడ్డం పడతాడు?

బండి నిలబడింది. నిలబడి ఊరుకుంటే బాగుండు, తోక లేచిపోయి, ముందుకాళ్ళ మీద వంగి దండం పెట్టే గంగిరెద్దయింది. అశోక్‌నగర్‌లో చాయ్ బండి దగ్గర ఆపితే, సర్కారు కొలువుల కోసం చదివే పిల్లలు చుట్టూ చేరారు. "ఏందన్నా, నీ బండి కూడ గ్రూప్స్ రాసిందా? తల దించుకున్నది?" అన్నాడొకడు. నాకు వినపడలేదు. మామ మాత్రం చుట్టూ తిరిగి చూసి "ఇగో, గిట్లుండాలె" అన్నాడు. పక్కనే ఉన్న షడ్డకుడి మొహం చిన్నబోయింది. ఆ రాత్రి నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

బరాత్ రోజు సాయంత్రం చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద బ్యాండు మోగింది. పనివాళ్ళు లైట్లు భుజాన ఎత్తుకుని దిగిపోయారు. ఖాళీ అయిన పికప్ తోక ఇంకా పైకి లేచింది. దాంతోపాటు దానికి తగిలించిన ట్రాలీ ముక్కూ లేచింది, దాని వెనక భాగం నేలకు వంగింది. ట్యాంకులో ఉన్న సగం డీజిలు వెనక్కి జారి, ముందువైపున్న పైపుకు అందకుండా పోయింది. జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగింది. గుర్రం మీద నా బామ్మర్ది, గుర్రంతో సహా, చీకట్లో కలిసిపోయాడు.

"ఏమైందిరా నీ నిలబడ్డ బండికి?" అని మామ కేక. అల్లుణ్ణి "రా" అనడం అదే మొదటిసారి.

నేను ట్రాలీ కింద దూరి వంపు చూసి, సిగ్గు చంపుకుని అరిచాను: "మామా, బండిని కూసోబెట్టాలె! బరువున్నోళ్ళంత ఎక్కండి!"

ముందుగా ఎక్కింది సూటు వేసుకున్న షడ్డకుడు. తర్వాత పెద్దనాన్నలు, మేనమామలు, చివరికి జరీ కండువాతో మా మామ. ఒక్కొక్కరు ఎక్కుతుంటే తోక ఒక్కో వేలు దిగింది. ట్రాలీ సమమైంది. జనరేటర్ అందుకుంది. వెలుగులో చూస్తే పెళ్ళికొడుకు తండ్రి లగేజీలా వైర్ల చుట్ట మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుకోలుకు వచ్చిన ఆడపెళ్ళివాళ్ళు ఇదేదో మా ఆచారమనుకుని ఆయనకు అక్కడే దండ వేశారు.

ఫంక్షన్ హాల్ వచ్చాక షడ్డకుడు దిగి, సూటు దులుపుకుంటూ నా పక్కకు వచ్చాడు. "అన్నా, ఒకటి చెప్త, నవ్వొద్దు. నా బండి ఎందుకు నిలబడి ఉంటదో ఎరుకనా? గిరాకీ లేక. ఏమన్న ఎక్కితే గద కూసునేది. నీ బండి తోక నేలకు రాసుకుంట పోతుంటే గల్లీ చివరిదాంక చూసి, లోపలికొచ్చి తలుపేసుకునేటోణ్ణి."

నాకు నవ్వు రాలేదు. మర్నాడు ఉస్తాద్ దగ్గర పట్టీలన్నీ తీయించి, నోరు మూసుకుని బెలూన్లు వేయించుకున్నాను. ఆ సీజన్‌లో నాకు కుదరని బరాత్‌లన్నీ షడ్డకుడికే పంపాను.

అక్కడితో బుద్ధొచ్చిందని రాయాలని నాకూ ఉంది. మొన్న నారాయణగూడ చౌరస్తాలో అతని బండి ఎదురైంది. నిండా లైట్లు, వెనక నాదానికంటే పెద్ద జనరేటర్, తోక రోడ్డుకు రాసుకునేంత కిందికి. హారన్ కొట్టి "అన్నా!" అని చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను. పక్కన కూర్చున్న మా ఆవిడ "ఏందట్ల మొఖం పెట్టినవ్?" అంది. "ఎండ" అన్నాను. మబ్బు పట్టి ఉంది. జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి. నా లోపల కుళ్ళుకునే ఆ పిల్లగాడు మాత్రం ఇంకా పెళ్ళైన కొత్తలోనే ఉన్నాడు. వాణ్ణి చూస్తే నాకు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.