జట్టుకు పిడికెడు జొన్నలు

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. నంద్యాలలో టీచరు ట్రైనింగు ముగించుకుని ఆళ్లగడ్డ బడిలో చేరి నాకు రెండో ఏడు. ఆ ఎండాకాలం నంద్యాలలో చెడుగుడు పోటీలు పెడుతున్నారని, ఊరికొక కుర్రాళ్ల జట్టు రావచ్చని కబురొచ్చింది. బస్సు ఖర్చు, తిండి, అందరికీ ఒకే రంగు బనియన్లు మాత్రం ఎవరి ఊరు వాళ్లే చూసుకోవాలి.

మా డ్రిల్లు మాస్టరుకు యాభై దగ్గరి వయసు. ఆట నేర్పడంలో ఆయనకు ఆయనే సాటి. చందా అడగాలంటే మాత్రం నోట మాట పెగిలేది కాదు. రెండు రోజులు అంగళ్ల వెంట తిరిగి, అందరినీ కుశలమడిగి, మంచినీళ్లు తాగి తిరిగొచ్చాడు.

"అడిగేదానికి నాకు నోరు రాల్యామ్మా. నువ్వు తోడు రా," అన్నాడు.

"తోడెందుకు సార్, నేనే అడుగుతా. మీరు పక్కన నిలబడితే సాలు," అన్నాను.

మొదట ఊళ్లో పెద్ద రైతు ఇంటికి పోయాం. ఆయన కొడుకు మా జట్టులోనే ఆడేవాడు. పొడుగరి. కూతకు పోతే ఊపిరి ఎంతసేపైనా నిలిపేవాడు. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, మేం చెప్పిందంతా విని తలూపాడు.

"మీరు ఇంటింటికీ తిరిగే పని ల్యా. ఖర్చంతా నేనే పెట్టుకుంటా. అయితే ఒగటి. పేట పిల్లోళ్లు ముగ్గురుండారే, వాళ్లు నంద్యాలకు రాగూడదు. వాళ్ల చేతులు పట్టుకోని నా కొడుకు ఆడేది నలుగురూ చూడల్లనా?"

పేట అంటే క్రైస్తవ కూలీల ఇళ్లున్న చోటు. నేనూ ఆ మతం దాన్నేనని ఆయనకు తెలుసు. ఆ ముగ్గురూ లేకపోతే మా జట్టులో పట్టు పట్టేవాడే ఉండడని కూడా తెలుసు. మాస్టరు నా వైపు చూశాడు. నేను లేచి నిలబడ్డాను.

"ఆ ముగ్గురూ లేని జట్టుకు నేను చందా అడగనన్నా. మీ దుడ్లు మీ దగ్గరే ఉండనీ."

"టీచరమ్మా, ఊరంతా తిరిగినా నీకు పుట్టేదేంది?"

"చూస్తాం గదన్నా."

వీధిలోకి వచ్చేసరికి మాస్టరు మొహం పాలిపోయి ఉంది. "ఎంత పని చేస్తివమ్మా! ఇంక యాడికి పోతాం?" అన్నాడు.

నాకు భయం వేయలేదు. నంద్యాలలో మా అమ్మ ఎసట్లో గింజలు పోసే ముందు ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న ముంతలో వేసేది. వారమంతా చేరినవి ఆదివారం చర్చికి మోసుకుపోయేది. మా వీధిలో అన్ని ఇళ్లూ అంతే. మా చర్చికి పైకప్పు వేసింది ఆ పిడికిళ్లతోనే. చర్చి కప్పు వేయగలిగిన పిడికిలి పదిమంది కుర్రాళ్లను బస్సెక్కించలేదా అనుకున్నాను.

జొన్నలు కొత్తగా ఇళ్లకు చేరిన కాలం. మగవాళ్లు బయటికి పోయిన వేళ చూసి ఆడవాళ్ల దగ్గరికి పోవడం మొదలుపెట్టాను.

"నా చేతిలో దుడ్లు యాడుంటాయి టీచరమ్మా? అన్నీ మా ఇంటాయన దగ్గరే," అంది మొదటి ఇంటామె.

"దుడ్లు వద్దక్కా. జొన్నలు ఇసిరేటప్పుడు ఒక పిడికెడు పక్కన పెట్టు. నెల దినాలు. మన ఊరి పిల్లోళ్లు ఆడేదానికి."

"అంతేనా?"

"అంతే."

నవ్వుతూ అప్పుడే ఒక ముంత కడిగి బోర్లించింది. పేటలోనూ అదే మాట అడిగాను. కూలికి పోతేనే గింజలొచ్చే ఇళ్లవి. తక్కువైనా పరవాలేదని నేను అనబోతుంటే ఒకామె అడ్డుపడింది. "పెద్దిండ్లోళ్లు ఎంతేస్తే మేమూ అంతేస్తాం. మా పిడికిలేమన్నా చిన్నదా?"

పెద్ద రైతు ఇల్లు వదిలేద్దామన్నాడు మాస్టరు. నేను వదల్లేదు. పెరటి వైపు పోయి ఆయన తల్లిని అడిగాను. ఆమె చేటలో జొన్నలు చెరుగుతూ తలెత్తలేదు. ఔననలేదు, కాదనలేదు.

నెల తిరిగాక ఒక ఆదివారం సాయంత్రం బడి వరండాలో గోనెపట్టాలు పరిచాం. ఆడవాళ్లు ముంతలతో, కుండలతో వచ్చి పోస్తున్నారు. జొన్నలు మోకాలెత్తు లేచాయి. పేట ఆడవాళ్లు మెట్లెక్కుతుండగా పెద్ద రైతు వచ్చాడు.

"వాళ్లవి వేరే కుప్ప పోయించు. అన్నీ కలిపితే కొనేవాడెవడు?" అన్నాడు.

వాళ్లు మెట్ల మీదే ఆగిపోయారు. 

"ఒకటే కుప్పన్నా. జట్టు ఒకటే గదా," అన్నాను.

ఆయన ఇంకేదో అనబోయాడు. అంతలో వెనకనుంచి ఆయన తల్లి వచ్చింది. చంకలో నిండు కుండ.

"పక్కకు జరుగప్పా," అంది కొడుకుతో. "నీ కొడుకు దినామూ వాళ్ల చేతులు పట్టుకోనే ఆడతాండాడు. చేతికి రాని మైల గింజకెట్లొస్తాది?"

కుండ వంచి పోసింది. తర్వాత మెట్ల మీదున్న వాళ్లను చూసి, "రాండి, ఆడనే నిలబడితిరేం?" అంది. వాళ్లు వచ్చి దాని మీదే పోశారు. పెద్ద రైతు మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు సంతలో ఒక వ్యాపారి ఆ జొన్నలన్నీ తూచి కొన్నాడు. ఏ పిడికెడు ఏ ఇంటిదని అడగలేదు. ఎర్ర బనియన్లు వచ్చాయి. బస్సుకూ తిండికీ సరిపోయింది.

నంద్యాలలో మొదటి ఆట ఆత్మకూరు జట్టుతో. సులభంగా గెలిచాం. రెండోది టౌను జట్టుతో. వాళ్లు గట్టివాళ్లు. జనంలో మా నాయన ఉన్నాడు. ఆయనకు కాస్త దూరంలో, తలగుడ్డ చుట్టుకుని, పెద్ద రైతు. ఎప్పుడొచ్చాడో తెలియదు. టౌను కుర్రాడొకడు కూతకు వచ్చి గీత వైపు తిరిగిపోతుంటే, పేట పిల్లవాడూ రైతు కొడుకూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వాణ్ణి అడ్డగించి కింద పడేశారు.

"ఇడ్సద్దండ్రా! గట్టిగా పట్టండి!" అని ఒక కేక. తిరిగి చూస్తే పెద్ద రైతు.

ఆ ఆట రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. అయినా జట్టు తల దించుకోలేదు. నాకు మాత్రం గెలిచినట్టే ఉండింది. ఆట అయ్యాక పెద్ద రైతు సోడా బండి వాణ్ణి పిలిచి, "ఎర్ర బనియన్లోళ్లందరికీ ఇయ్యి," అన్నాడు.

ఆ పై ఏడు కొత్తపల్లె నుంచి ఇద్దరు పెద్దమనుషులు బడికి వచ్చారు. వాళ్ల ఊరి పిల్లలకు బంతీ నెట్టూ కావాలట, చందాలు రావడం లేదట. సెలవు రోజు చూసి మాస్టరూ నేనూ బస్సెక్కి పోయాం. మొదటి ఇంటి ముందు నేను నోరు తెరిచేలోపలే మాస్టరు ముందుకు నడిచి, "అమ్మా, ఒక ముంత కడిగి పెడతావా?" అని అడిగాడు.