తలకిందులుగా నిలబడిన ఒడ్డు

నా చిన్నప్పుడు మా పక్కింటి తాత ట్రంకుపెట్టెలో ఒక ఏరు ఉండేది. చాపలా చుట్టి, పాత పంచె గుడ్డలో మూటకట్టి, కలరా ఉండలు వేసి దాచిన ఏరు. దాని పేరు థేమ్స్ అని, అది ఇంగ్లండులో లండన్ పట్నం నడుమగా పారుతుందని తాత చెప్పేవాడు. మాకు తెలిసిన ఏరల్లా మా ఊరి వెనక పారే కుందూ ఒక్కటే. ఉయ్యాలవాడ దాటి ఎక్కడికీ పోని పిల్లను, లండన్ అంటే ఆళ్లగడ్డకు అవతల ఎక్కడో ఉంటుందనుకునేదాన్ని.

తాత నంద్యాలలో సర్వే కచేరీలో పని చేసి పింఛను మీద ఊరికి వచ్చిన మనిషి. కొలతవాళ్లు ఊరూరూ తిరిగి గట్లు కొలిచి తెస్తే, వాటిని సిరాతో కాగితం మీద పటాలుగా గీయడం ఆయన ఉద్యోగం. ఎప్పటి దొరదో ఏమో, ఆ థేమ్స్ పటాన్ని కచేరీలో చెత్తతోపాటు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడట. ఊళ్లోవాళ్లకు అది ముసలాయన పిచ్చి. నాకు మాత్రం ఆ పెట్టె తాళం చప్పుడు వినిపిస్తే ఇంట్లో కాలు నిలిచేది కాదు.

మొదటిసారి చూపించిన రోజు తాత తన చేతులు కడుక్కుని, నా చేతులూ కడిగించి, నాపరాళ్ల నేలను గుడ్డతో తుడిచి పటాన్ని పరిచాడు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిచినా ఇంకా చుట్ట మిగిలే ఉంది. నడుమ లేత నీలం రంగు నీళ్లు. నీళ్ల మీద తెరచాపల పడవలు, వంతెనలు. రెండు ఒడ్ల వెంట గోపురాలు, తోటలు, మేడలు. మేడమేడకూ లెక్కపెట్టగలిగేటట్టు కిటికీలు. ఒకచోట గాలం వేసుకుని కూర్చున్న మనిషి నా చిటికెనవేలి గోరులో సగం కూడా లేడు. వాడి పక్కన ఒక కుక్క, ఆ కుక్కకు తోక! ఇంత పెద్ద ఏరును మొదలుపెట్టిన మనిషి ఆ తోకను కూడా వదిలిపెట్టలేదే అని ఇంకా దగ్గరికి వంగి చూశాను. నా ఊపిరికి నీళ్లు కదులుతాయేమోనని మెల్లగా పీల్చుకుంటూ కూర్చున్నాను.

అంతలో నా మోకాళ్ల దగ్గరి ఒడ్డు చూసి అదిరిపడ్డాను. అక్కడి ఇళ్లన్నీ తలకిందులుగా ఉన్నాయి. గోపురాల మొనలు నా వైపుకు దిగి ఉన్నాయి. ఎదుటి ఒడ్డు మాత్రం నిటారుగా, చక్కగా ఉంది. అంతకుముందే కుందూ పొంగి మా వీధిలో మూడు మట్టిమిద్దెలు కూలిపోయాయి. నాకు తోచిందల్లా అదే.

"తాతా, ఈ పక్క ఇండ్లన్నీ పడిపోయినాయి. ఏరొచ్చిందా?"

తాత కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. "లేసి ఆ పక్కకు పో పాపా" అన్నాడు. పటం చుట్టూ తిరిగి అవతల కూర్చున్నాను. పడిపోయాయనుకున్న ఇళ్లన్నీ లేచి నిలబడ్డాయి. ఇప్పటిదాకా నిలబడి ఉన్నవి నా మోకాళ్ల దగ్గర తలకిందులయ్యాయి. మళ్లీ ఇటు వచ్చాను, మళ్లీ అటు పోయాను. ఎన్నిసార్లు తిరిగానో! కూర్చున్న పక్క ఎప్పుడూ తలకిందులే. పటం గీసినవాడు ఒడ్డు మీద కూర్చోలేదని, పడవలో నడిఏట్లో పోతూ కుడి చేతికి కనబడింది కుడి పక్క, ఎడమ చేతికి కనబడింది ఎడమ పక్క గీశాడని తాత విడమరిచి చెప్పాడు.

ఈమధ్య మా మనవరాలు ఆ ఏటి పాత పటాలు ఫోనులో వెతికి చూపించింది. వేలితో లాగితే కిటికీలన్నీ పెద్దవవుతాయి, బాగానే ఉంది. కానీ అవతలి ఒడ్డు చూద్దామని ఫోను తిప్పితే పటం కూడా నాతోపాటే తిరిగిపోతుంది. ఏం తెలివో అది!

ఇక అసలు సంగతికి వస్తాను. మిద్దెలు కూలిన ఆ వానాకాలంలోనే కుందూ మా పొలం వెనక కొత్త దారి చేసుకుంది. అంతవరకు మా ఒడ్డుకు అంటుకుని ఉన్న నేల ముక్క, వరద తీశాక చూస్తే అవతలి ఒడ్డుకు చేరిపోయి ఉంది. మంచి ఒండ్రునేల, దోసపాదులు పెడితే విరగకాసేది. అవతలి ఒడ్డు ఊరు అమ్మ పుట్టిల్లు. ఆ నేలను ఆనుకుని ఉన్న పొలం మా మామది, అంటే అమ్మకు సొంత అన్నది. ఆ ముక్క నాదని మా నాయన, పూర్వం మాదే, ఏరు తిరిగి ఇచ్చిందని మామ. మాటా మాటా పెరిగి రాకపోకలు ఆగిపోయాయి. ఏటికవతల అమ్మ పుట్టింటి మిద్దె మా మిద్దె మీది నుంచి కనబడుతుంది. రెండేళ్లు అమ్మ ఆ గడప తొక్కలేదు. వడియాలు చూసొస్తానని మిద్దెక్కి, వాళ్లమ్మ బట్టలారేయడానికి పైకి వస్తుందేమోనని చూసేది. కళ్లు తుడుచుకుని దిగేది. ఎవరికీ తెలియదనుకునేది.

చివరికి నంద్యాలలో కేసు వేయాలని ఇద్దరూ పట్టుబట్టారు. మా వైపు ఊళ్లలో కేసు కోర్టుకెక్కిందంటే ఇక ఆ రెండిళ్లకూ పెళ్లికీ చావుకూ పొత్తు ఉండదు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడవడం చూసి, ఆ సంగతి పోయి తాతకు చెప్పాను. మరునాడు ఆయన నాయనకూ మామకూ విడివిడిగా కబురు పంపాడు. మీ ఊరి పటం పట్టుకుని రా, హద్దు తేల్చి చెప్తా అని. రెండోవాడు కూడా వస్తాడని ఇద్దరికీ చెప్పలేదు.

నాయన పటంతో పోయి కూర్చున్నాడు. కాసేపటికి మామ పటంతో లోపలికి వచ్చాడు. ఇద్దరి మొహాలూ మాడిపోయాయి. లేచిపోదామంటే అంత పెద్దాయన ముందు ఎట్లా లేస్తారు? తాత వాళ్ల పటాల వైపు చూడనైనా చూడలేదు. పెట్టె తెరిచి థేమ్స్‌ను పరిచాడు. నాయనను ఈ పక్క, మామను ఆ పక్క నేల మీద కూర్చోబెట్టాడు. నేను వాకిలి దగ్గర నిలబడి ఉన్నాను.

"నీ పక్క ఎట్లుండాదో చెప్పప్పా" అన్నాడు నాయనతో.

"ఏందిది? నా పక్క అన్నీ తలకిందులుండాయి. ఆయన పక్కవే నిలబడుకోనుండాయి" అన్నాడు నాయన విసుగ్గా.

"ఏం మాట్లాడతాండావ్! నా పక్కే తలకిందులు. నీ పక్కవే నిటారుగా కనపడతాండాయి" అన్నాడు మామ. రెండేళ్లలో వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడిన మొదటి మాటలు అవే.

తాత అప్పుడు వాళ్లు తెచ్చిన పటాలు రెండూ విప్పాడు. మామ తెచ్చినదానిలో ఆ నేల ముక్క అవతలి ఒడ్డున ఉంది. నాయన తెచ్చినదానిలో ఇవతలి ఒడ్డున ఉంది. రెండింటి కిందా ఒకే చేతిరాత.

"రెండూ నేను గీసినవే. ఆయనది నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, నీది దిగిపోయే ముందర. ఏరు యాడుంటే ఆడ గీసినా. రెండూ నిజమే" అన్నాడు తాత నాయనతో. ఆ తరవాత గొంతు తగ్గింది. "ఒక ఊరి పటం గీస్తే అవతలి ఊరిని గీయకూడదప్పా. ఒట్టి పేరు రాసి ఇడిసిపెట్టాల. బతుకంతా ఒక ఒడ్డే గీసినా. రెండు ఒడ్లూ గీసినోడు ఈడొకడుండాడు" అని ఆ నీలం నీళ్ల మీద చేయి ఆనించకుండా పైపైనే ఆడించాడు.

మామ పటం మీదికి వంగి గాలం వేసేవాణ్ని చూస్తున్నాడు. నాయన కూడా వంగాడు. ఇద్దరి తలలూ నీళ్ల మీద దగ్గరయ్యాయి. కుక్కను ముందు చూసింది మామే.

"ఈ ఏడు దోస నువ్వే పెట్టుకో బావా. ఎదుటేడు ఏరు యాడుంటదో ఏమో" అన్నాడు మామ.

"నువ్వే పెట్టుకో. నేను ఏరు దాటి నీళ్లు పోయలేను" అన్నాడు నాయన మొండిగా. అప్పటిదాకా నాది నాది అన్న ఇద్దరూ నీది నీది అని కొట్లాడుకోవడం మొదలుపెట్టారు. తాత పటం చుట్టుకుని లోపలికి పోయాడు. కేసు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం నాయన ఇంట్లోకి వచ్చి అమ్మతో "రేపు మీ ఊరికి పోదాం పా" అన్నాడు. అంతే. అమ్మ చేతిలో చేట అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది.

తెల్లారి మోకాళ్ల లోతు నీళ్లలో ఏరు దాటాం. అవతలి ఇంట్లో మా అవ్వ తన కూతురిని పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తరవాత మా ఇద్దరినీ మిద్దె మీదికి తీసుకుపోయి ఏటి మీదుగా మా ఇంటి వైపు చేయి చూపించింది. నేను మా ఇంటిని అంత దూరం నుంచి ఎప్పుడూ చూడలేదు. మిద్దె, దాని మీద అమ్మ నిలబడే మూల, అన్నీ గీసినట్టు కనబడుతున్నాయి.

"దినామూ నువ్వు ఆ మూలకొచ్చి కండ్లు తుడుచుకునేది చూస్తాంటినమ్మా. నీకు కనపడితే ఇంకా ఏడుస్తావని నేను గోడ చాటుకు పోతాంటి" అంది అవ్వ.

అమ్మ అప్పుడు ఏడ్చిన ఏడుపు నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు. ఇవాళ్టికీ ఎవరితోనైనా నాకు మాట పట్టింపు వస్తే, ఆ ఇంటికి నేనే నడిచి పోతాను. వాళ్ల అరుగు మీద కూర్చుని, ఇక్కడి నుంచి చూస్తే నేను ఎట్లా కనబడుతున్నానో చెప్పమని అడుగుతాను. విన్నది నచ్చిన రోజులు తక్కువ. అయినా పోతాను.