గంజాయి నూనె కోసం ఫ్లాట్ బుష్ నుంచి సిటీకి

ఏడాదిన్నర క్రితం నాకు ఎడమవైపు పక్కటెముకల మీదుగా అక్కి లేచింది. నా చిన్నతనంలో తెనాలిలో అయితే కుమ్మరి ఇంటికి తీసుకెళ్ళి జాజుతో ఒంటి మీద రెండు సింహాలు గీయించేవారు. ఇక్కడ ఆక్లాండ్‌లో డాక్టరు సింహాల ఊసెత్తకుండా వారం రోజులకు మాత్రలు రాశాడు. పొక్కులు మానాయి గానీ నొప్పి మాత్రం ఇల్లు కొనుక్కున్నట్టు ఉండిపోయింది. చీర తగిలినా మంట, దుప్పటి తగిలినా మంట. నరాలకని ఇచ్చిన మాత్రకు తల తిరిగి స్నానాలగదిలో పడ్డాను. దాన్ని ఆపేశారు. చివరికి మా ఫ్యామిలీ డాక్టరు గొంతు సవరించుకుని, "వైద్యానికి వాడే గంజాయి గురించి ఎప్పుడైనా ఆలోచించారా?" అన్నాడు. ఆలోచించడమేమిటి, ముప్ఫై ఏళ్ళు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినదాన్ని. ఆ మొక్కలో ఆడమొక్క వేరు, మగమొక్క వేరు అని ఎన్ని బ్యాచ్‌లకు బోర్డు మీద బొమ్మ గీసి చూపించానో. అసలు మొక్కను మాత్రం ఒక్కసారీ చూడలేదు. నొప్పి తగ్గాలన్న ఆశ ముప్పాతిక, ఆ మొక్కను చూడాలన్న కుతూహలం పాతిక, ఈ రెండూ కలిసి ప్రయాణం కట్టించాయి.

బయలుదేరే ముందు రెండు సంగతులు చెప్పాలి. మొదటిది, ఇది గంజాయిని సరదాకి కొనుక్కునే దేశం కాదు. ఆ మధ్య దేశమంతా ఓటు వేసి వద్దనుకుంది. డాక్టరు చీటీ ఉంటే మాత్రం చట్టప్రకారం మందుగా కొనుక్కోవచ్చు. రెండోది, నాకు సంబంధించినది. అప్పటికి ఎనిమిది నెలలుగా నేను రోజూ రాత్రి అరముక్క నిద్రమాత్ర వేసుకుంటున్నాను. బోటనీ డౌన్స్‌లో ఉండే నా స్నేహితురాలు రత్నమాలకు విజయవాడ నుంచి ఎవరో సూట్‌కేసులో తెస్తారు, ఆవిడ ప్రసాదం పంచినట్టు పంచుతుంది. ఈ సంగతి మా డాక్టరుకు తెలియదు, మా కోడలు స్వప్నకు అంతకన్నా తెలియదు. నేను పడిపోయిన రోజు నుంచి స్వప్న ప్రతి ఆదివారం వారానికి సరిపడా నా మాత్రలు గళ్ళ డబ్బాలో సర్దిపెడుతోంది. ఆ గళ్ళలో లేని మాత్ర ఇది.

ఒక బుధవారం పదకొండు గంటలకు అపాయింట్‌మెంట్ దొరికింది. స్వప్న ఇక్కడ బళ్ళో టీచరు, ఆ రోజు సెలవు పెట్టి వెంట వచ్చింది. కారు వద్దనుకున్నాం. సిటీలో పార్కింగుకు పోసే డబ్బుతో ఇంటిల్లిపాదీ దోసెలు తినొచ్చు. పైగా మందు మొదలుపెడితే డ్రైవ్ చేయకూడదని క్లినిక్ వాళ్ళు ముందే ఫోన్‌లో చెప్పారు. అరవై అయిదు దాటినవాళ్ళకిచ్చే గోల్డ్ కార్డు మీద తొమ్మిది దాటాక బస్సూ రైలూ ఉచితం, కాబట్టి తొమ్మిదింటికి ముందు ఇల్లు కదలకండి. తొమ్మిదీ పదికి ఫ్లాట్ బుష్‌లో బస్సెక్కి, బోటనీలో మారి, పాన్‌మ్యూర్‌లో దిగి, రైలు పట్టుకుని, పదిన్నర దాటాక సిటీ స్టేషన్లో దిగాం. ఇప్పుడు దాని పేరు వైటెమాటా అంటున్నారు, నా నోటికి ఇంకా బ్రిటోమార్టే వస్తుంది. అక్కడి నుంచి ఎత్తెక్కుతూ పది నిమిషాల నడక. నా నడకతో పద్దెనిమిది.

నేను ఊహించుకున్నది వేరు. ఆకుపచ్చ దీపాలు, అగరొత్తుల పొగ, జడలు కట్టిన జుట్టుతో ఒక కుర్రాడు. చూస్తే అది పళ్ళ డాక్టరు గదికి కవల. కింద మందుల షాపు, పైన క్లినిక్. తెల్ల గోడలు, తెల్ల కుర్చీలు, నీళ్ళ యంత్రం. గోడ మీద ఒక్క ఆకు బొమ్మ లేదు. మూలన కుండీలో ఏదో పచ్చగా కనబడితే ఆశగా దగ్గరికెళ్ళి ఆకు పట్టుకున్నాను. ప్లాస్టిక్ ఫెర్న్.

"అత్తమ్మా, కూసోండి. అందరు చూస్తున్నరు," అంది స్వప్న. వాళ్ళది కరీంనగర్.

అందరూ అంటే ఒక్కడే. నారింజ రంగు కోటు వేసుకున్న బిల్డింగు పనివాడు, నడుముకు బెల్టు కట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. ఇక్కడివాళ్ళతో మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి, నేను తెలుగులో రాస్తున్నాను.

"మొదటిసారా?" అన్నాడతను.

"అంత తెలిసిపోతోందా?"

"వచ్చిన దగ్గర్నుంచి తలుపు వైపే చూస్తున్నారు. పోలీసులు రారులెండి. మా అమ్మ కూడా ఇక్కడే కొంటుంది. డెబ్బై తొమ్మిది."

"నాకింకా డెబ్బై ఒకటే," అన్నాను. ఎందుకో ఆ తేడా చెప్పుకోవాలనిపించింది.

రిసెప్షన్‌లో పాస్‌పోర్టో లైసెన్సో చూపించాలి, తరువాత నాలుగు పేజీల ఫారం నింపాలి. గుండె జబ్బుందా, ఇంట్లో ఎవరికైనా మతి చలించిందా, మద్యం తాగుతారా, డ్రైవ్ చేస్తారా అని ఒక్కటీ వదలకుండా అడుగుతారు. ఇప్పుడు వాడుతున్న మందులన్నీ రాయమన్నారు. బీపీ మాత్ర రాశాను, థైరాయిడ్ మాత్ర రాశాను, కాల్షియం కూడా రాశాను. పక్కన స్వప్న తొంగిచూస్తోంది. అక్కడితో కలం మూసేశాను.

డాక్టరు యాభై ఏళ్ళ మనిషి, తొందర లేని మనిషి. అరగంట కూర్చోబెట్టి, నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వేలితో చూపించమన్నాడు. ఈ నూనెలో రెండు రకాల పదార్థాలుంటాయనీ, ఒకటి మత్తు ఇవ్వదనీ, రెండోది ఇస్తుందనీ, నాకు రెండోది బాగా తక్కువగా ఉన్న సీసా రాస్తాననీ చెప్పాడు. పని చేస్తుందని హామీ ఇవ్వలేననీ, కొందరికి చేస్తుందనీ, కొందరికి జేబుకు చిల్లు తప్ప ఏమీ మిగలదనీ కూడా చెప్పాడు. ఆ మాటతో నాకతని మీద నమ్మకం కుదిరింది. ఫీజు నూట ఇరవై డాలర్లు. ప్రభుత్వ సాయం లేదు. చీటీ కంప్యూటర్లోనే కిందికి వెళ్ళిపోతుంది, మన చేతికి కాగితం రాదు.

కింద మందుల షాపులో ఉన్నమ్మాయి ఫిజీ నుంచి వచ్చిన భారతీయుల బిడ్డ. నన్ను చూడగానే "రండి ఆంటీ" అంది. కౌంటర్ మీద అరచేతిలో ఇమిడే గోధుమరంగు సీసా పెట్టింది. పక్కన సన్న సిరంజి, సూది లేనిది. నూట అరవై డాలర్లు కట్టాను. మొక్కను చూపిస్తావా అని అడిగాను. చూపించడానికి చట్టం ఒప్పుకోదంది. మూత తీసి వాసన చూడనిచ్చింది. తడి గడ్డి, కొంచెం మిరియం. ముప్ఫై ఏళ్ళ పాఠానికి ఆ ఒక్క పీల్పే ప్రాక్టికల్.

తరువాత ఆ అమ్మాయి కంప్యూటర్ చూస్తూ అంది, "డాక్టర్ అడిగినవన్నీ ఇక్కడున్నాయి. నాదొక సొంత ప్రశ్న ఉంది ఆంటీ. ఊరి నుంచి ఎవరైనా తెచ్చి ఇచ్చిన మాత్రలేమైనా వేసుకుంటున్నారా? చుట్టాలు, స్నేహితులు? మా ఇంటికి ఫిజీ నుంచి వచ్చే ప్రతి పెట్టెలో పచ్చడి సీసాతోపాటు ఒక మందుల సంచి ఉంటుంది. అందుకని అడుగుతున్నాను."

పైన ఉన్న ఆ మంచి డాక్టరుకు ఈ ప్రశ్న తట్టనే లేదు. తట్టదు కూడా. మందులు చుట్టరికంగా చేతులు మారతాయని అతనికి ఎవరు చెప్తారు?

సీసా నాకు జానెడు దూరంలో ఉంది. లేవు అంటే చాలు, సంచిలో వేసుకుని పోవచ్చు. ఏడాదికి పైగా ఒక్క రాత్రి కూడా ఎడమవైపు తిరిగి పడుకోలేదు నేను. ఈ రాత్రికైనా పడుకోవచ్చేమో. పక్కన స్వప్న నా బదులు తనే జవాబు చెప్పేసింది: "అట్లాంటివేం లేవు. మందులన్నీ నేనే పెడతాను."

అంత ధీమాగా అనకపోయి ఉంటే నేను నోరు మూసుకునేదాన్నేమో.

"ఒకటుంది," అన్నాను. "నిద్రమాత్ర. రోజూ అరముక్క. ఎనిమిది నెలలు." పర్సు లోపలి అరలోంచి షీటు తీసి కౌంటర్ మీద పెట్టాను. సగం కత్తిరించిన షీటు, పేరులో చివరి నాలుగక్షరాలు మాత్రమే మిగిలాయి.

ఆ అమ్మాయి సీసాను మెల్లిగా తన వైపుకు జరుపుకుంది. అంతకన్నా పెద్ద మాట ఉంటుందా? ఫోన్ చేస్తే పది నిమిషాల్లో డాక్టరు స్వయంగా కిందికి దిగివచ్చాడు. షీటు అటూ ఇటూ తిప్పి చూశాడు. "చెప్పినందుకు థాంక్స్. ఇది, అది కలిస్తే మీ వయసులో మత్తు రెట్టింపవుతుంది. మళ్ళీ పడతారు, ఊపిరి కూడా మందగించవచ్చు. ఈ రోజు ఇవ్వలేను," అన్నాడు. నిద్రమాత్రను ఒక్కసారిగా ఆపడం ఇంకా ప్రమాదమనీ, మా ఫ్యామిలీ డాక్టరు చూస్తుండగా కొంచెం కొంచెం తగ్గించాలనీ, అది పూర్తయ్యాకే మళ్ళీ రమ్మనీ చెప్పాడు. కట్టిన నూట అరవై వెనక్కిచ్చారు. పై అంతస్తు ఫీజు పై అంతస్తులోనే ఉండిపోయింది.

తిరుగు రైల్లో స్వప్న కిటికీలోంచి నీళ్ళను చూస్తూ కూర్చుంది. పాన్‌మ్యూర్ దగ్గరపడ్డాక నా వైపు తిరిగింది.

"ఎనిమిది నెలల సంది మింగుతున్నరు. నాకొక్క మాట చెప్పబుద్ధి కాలేదా అత్తమ్మా?"

"చెబితే ఆపించేదానివి."

"ఆపించకపోదునా మరి! బాత్రూంల పడ్డప్పుడు మిమ్మల్ని లేపింది నేను. ఇంకోసారి పడితే?"

"ఆదివారం ఆ డబ్బా నింపుతూ నువ్వు లెక్కపెడుతుంటే నేను నీ అత్తగారినో, నీ బళ్ళో పిల్లనో తెలియడం లేదే."

"బడిపిల్లలే నయం. అడిగితే చెప్తరు."

ఈ వాదన తనే గెలిచింది. అది అరుదైన సంగతి కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

బోటనీ బస్సెక్కాక అడిగింది, "ఎవరిచ్చిన్రు? రత్నమాల ఆంటీనా?" అవునన్నాను. తను "నాక్కూడా ఇచ్చింది. గ్యాస్ మాత్రలు. ఇంకా ఉన్నయి, డ్రాయర్ల," అంది. ఇద్దరం నవ్వాం. నవ్వితే నాకు పక్కటెముకలు మండుతాయి, అయినా నవ్వాను.

తగ్గించడానికి ఏడు వారాలు పట్టింది. అందులో మూడు వారాలు పగవాళ్ళకు కూడా వద్దు. నిద్ర లేదు, నొప్పి ఉంది, కోపం ముక్కు మీద ఉంది. స్వప్న డబ్బాలో మార్పు ఒక్కటే. ఆ మాత్రకూ ఒక గడి పెట్టింది, వారం వారం ముక్క చిన్నదయింది. లెక్క ఇద్దరం కలిసి చూసుకున్నాం.

రెండోసారి నేనొక్కదాన్నే వెళ్ళాను. అదే బస్సు, అదే రైలు, అదే ఎత్తు. పాత రోగులకు ఫీజు సగమే, పది నిమిషాల మాట. కింద ఆ అమ్మాయి సీసాను ఈసారి నా వైపుకు జరిపింది. మొదటి వారం సిరంజిలో పాయింట్ ఒకటి గీత వరకే, రాత్రి భోజనం తరువాత నాలుక కింద. పిల్లలకు అందకుండా తాళం వేసి పెట్టాలి. పేరున్న పెట్టెలోంచి సీసాను విడదీయకూడదు. డ్రైవింగు సంగతి డాక్టరు సరేననేదాకా మరిచిపోవాలి. ఇండియా ప్రయాణంలో పొరపాటున కూడా సామానులో పెట్టుకోకూడదు, అక్కడి చట్టానికి ఈ చీటీ కాగితం ముక్క.

రుచి ఘోరం. పని చేసిందా అంటారా? మూడో వారానికి తెలిసింది. నొప్పి పోలేదు గానీ పక్కగదిలోకి మారింది. గోడకవతల ఏదో సణుగుతూ ఉంటుంది, నా మంచం మీద మాత్రం కూర్చోదు. ఐదు గంటలు నిద్రపోతున్నాను, అందులో కొంతసేపు ఎడమవైపుకు తిరిగి. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను, నేను డాక్టర్ని కాను. గంజాయి అన్న మాటకు నేను భయపడ్డాను, రిసెప్షన్‌లో ఎవరైనా తెలుగువాళ్ళు కనబడతారేమోనని తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. తీరా చూస్తే ఆ రోజు నా పర్సులో ఉన్న ప్రమాదం స్నేహంగా చేతికి వచ్చినది, పేరు కూడా పూర్తిగా లేనిది. చట్టం కాపలా కాసే సీసాకు అన్ని ప్రశ్నలున్నాయి, ప్రేమతో వచ్చిన మాత్రను ఎవరూ ఏమీ అడగరు. రత్నమాలకు ఈ మాటే చెప్పాను. రెండు రోజులు అలిగింది. మూడో రోజు ఫోన్ చేసి, "ఆ ఫిజీ అమ్మాయి ఏ షాపులో ఉంటుంది?" అంది.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: మీ ఇంట్లో ఉన్న మాత్రల షీట్లన్నీ, ఎవరు ఇచ్చినా, ఎంత ముక్క మిగిలినా, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి. వెళ్ళేముందు ఆ సంచి ఇంట్లోవాళ్ళకు విప్పి చూపించండి. తిట్లు ఎలాగూ తప్పవు, కౌంటర్ ముందు తినేకన్నా వంటింట్లో తింటే మేలు.